నాయకుడు వచ్చేదాకా కాలువ ఆగదు

మీ భుజాల మీద ఎవరైనా ఎప్పుడైనా శాలువా కప్పారా? కప్పినప్పుడు మీ చేతులు ఎక్కడున్నాయి?

గుర్తు చేసుకోండి. మా రాయచూరు జిల్లాలో సన్మానానికి ఒక క్రమం ఉంది. ముందు శాలువా. అది జారకుండా ఒక చెయ్యి దానంతటదే గుండె దగ్గరికి పోతుంది. తర్వాత గంధపు పొట్టుతో చేసిన దండ. మెడ వంగుతుంది. ఆ తర్వాత మైసూరు పేటా, జరీ అంచు తలపాగా, ఎవరి తలకీ సరిపోని కొలతలో కుట్టినది. అది పడిపోకుండా వంగిన మెడ బిగుసుకుంటుంది. చివరికి పళ్ళ బుట్ట. రెండో చెయ్యీ పోయింది. అప్పుడు ఫొటో తీస్తారు. ఫొటోలో మీరు నవ్వుతుంటారు. నవ్వడం తప్ప మీకు మిగిలిన పని ఇంకేదీ లేదు మరి.

నేను దీన్ని సన్మానం అనను. మర్యాదతో చేసే అరెస్టు అంటాను. అందుకే చాలా ఏళ్ళుగా శాలువా తెచ్చినవాడి చేతిలోంచి దాన్ని తీసుకుని, మడిచి, వాడి భుజం మీదే వేసి వస్తున్నాను. పొగరుబోతు అని పేరొచ్చింది. ఆ పేరుతో నాకు ఏ ఇబ్బందీ లేదు. కానీ ఒక్కసారి, కాలువ చివరి ఊరొకదానిలో, ఆ శాలువా కింద ఒక పగలంతా చిక్కుపడిపోయాను. నా పక్క కుర్చీలో ఇంకొక ఆడమనిషి ఉంది. ఆమె చిక్కుకోవడం వేరు. ఆమె ఆ కుర్చీలోంచి లేస్తేనే ఊరికి ఎండాకాలం తాగునీళ్ళు.

ఊరి పేరు చెప్పను. ఇందులో ఎవరి పేరూ చెప్పను. పేర్లు చెబితే మీరు వాళ్ళ దగ్గరే ఆగిపోయి, మన ఊరు కాదులెమ్మని ఊపిరి పీల్చుకుంటారు.

మాది రాయచూరు పట్నంలో తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. మా నాన్న కోట దగ్గర బట్టలు కుట్టేవాడు. ఆదివారం మధ్యాహ్నం మిషన్లు గోడకు జరిపి ఆ దుకాణంలోనే వాదసభ పెట్టేవారు. దేవుడి సంగతి, కులం సంగతి, ఆడవాళ్ళ చదువు సంగతి, ఏదైనా సరే తలుపులు తీసిపెట్టి వాదించుకునేవారు. ఆ సభకి ఒకటే నియమం. వాదంలో గెలిచినవాడు చీపురు పట్టి దుకాణం ఊడవాలి. ఓడినవాడు కాళ్ళు చాపుకుని చూస్తూ కూర్చుంటాడు. "గెలుపు తలకెక్కకముందే నడుం వంగాలె" అనేవాడు నాన్న. నాయకత్వం గురించి నాకు తెలిసిన మొదటి పాఠం, బహుశా ఆఖరి పాఠం కూడా, ఆ చీపురే.

తర్వాత కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యాను. రిటైరైన చరిత్ర టీచరుకి ఈ రోజుల్లో ఒక పని దొరుకుతుంది. సేనానుల జీవితాలనీ ప్రధానుల జీవితాలనీ పిండి, చిన్న చిన్న సూత్రాలు చేసి, జనానికి పంచిపెట్టడం. ధైర్యం ఒక గుళిక, దూరదృష్టి ఒక గుళిక. బ్యాంకు ఉద్యోగులకి చెప్పాను, పోలీసు ట్రైనీలకి చెప్పాను. కొత్తగా ఎన్నికైన పంచాయతీ సభ్యులకి సింధనూరులో ఒక హాల్లో చెబుతుండగా ఆమెను మొదటిసారి చూశాను.

ముందు వరసలో ఆడవాళ్ళు కూర్చున్నారు. వెనక వరసలో వాళ్ళ మొగుళ్ళు. హాజరు పిలుస్తుంటే ముందు వరసలో పేరు పలికితే వెనక వరసలో చెయ్యి లేస్తోంది.

"ఓట్లు మీకు పడ్డయా, వాళ్ళకు పడ్డయా?" అని వెనక వరసను అడిగాను. ఒకరిద్దరు ముందు వరసకి వేలు చూపించారు. "అయితే మీరంత పోయి చాయ్ తాగి రాండ్రి. మేం పిలిచినంక రావొచ్చు."

అందరూ గొణుక్కుంటూ లేచారు. ఒకాయన మాత్రం లేవలేదు. తెల్ల చొక్కా, నవ్వు మొహం. కోస్తా నుంచి వచ్చి ఈ కాలువ కింద వరి పండిస్తున్న క్యాంపు రైతు. అలా వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న ఊళ్ళని ఇక్కడ క్యాంపులంటారు.

"మేడమ్ గారండీ, మా ఆవిడ అధ్యక్షురాలండి. నేను లేకపోతే ఆవిడకి నోరు పెగలదండి."

"నువ్వుంటే పెగలదేమో. ఒకసారి లేకుండ చూద్దం, పో."

ఆడవాళ్ళు పమిట అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆయన కూడా నవ్వుతూనే వెళ్ళాడు. ఆ మనిషి నవ్వుతూ వెళతాడు, నవ్వుతూ తిరిగొస్తాడు. అది నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు నేను చెప్పింది పడవలు తగలబెట్టిన సేనాని కథ. పరాయి తీరంలో దిగాడు. సైనికులు వెనక్కి పారిపోకూడదని వచ్చిన పడవలన్నీ కాల్చేశాడు. ఇక గెలవాలి, లేదా చావాలి. ఈ కథని ప్రపంచమంతా దృఢ సంకల్పానికి ఉదాహరణగా చెబుతారు. చెప్పడం పూర్తికాగానే ఆమె చెయ్యెత్తింది.

"మరి మేడమ్, ఇంటికెళ్ళిపోదామనుకున్నోళ్ళు ఏమయ్యారండి?"

"చరిత్రల రాయలేదమ్మ."

"రాయలేదా, అడగలేదా అండి?"

హాలంతా నవ్వులు. టీ తాగి వచ్చిన భర్త గుమ్మంలో నిలబడి, తన భార్య ఏం మాట్లాడి ఇంతమందిని నవ్వించిందో అర్థంకాక తనూ నవ్వాడు.

ఆమె నా నంబరు తీసుకుంది. అప్పుడప్పుడు ఫోన్ చేసేది. తీర్మానం పుస్తకంలో ఎక్కడ సంతకం పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు, అలాంటివి. కొంతకాలానికి ఆమె భర్త చేశాడు. ఊళ్ళో సభ పెడుతున్నారట. జిల్లా నాయకుడు వస్తున్నాడట. ఇక్కడ అలాంటివాళ్ళని పేరు పెట్టి పిలవరు, సాహేబ్రు అంటారు. ఆయన వచ్చేముందు నేను మహానాయకుల జీవితాల నుంచి కొన్ని పాఠాలు చెప్పాలట.

"మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోద్దండి. మా ఆవిడ మరీమరీ పిలవమందండి."

ఆమె నన్ను పిలవమనలేదు. ఆ సంగతి ఆ ఉదయం వాళ్ళింటి వంటగదిలో తెలిసింది. అప్పటికే సభకోసం పట్టుచీర కట్టించి, తల నిండా పూలు పెట్టించారు. పొయ్యి మీద పాలు పొంగుతున్నా చూడకుండా ఆమె గబగబా చెప్పుకుపోయింది.

ఆ రోజు సాయంత్రానికి కాలువ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేది వానాకాలంలోనే. కట్టేసేముందు వచ్చే ఈ ఆఖరి నీళ్ళు తాగునీటి చెరువులు నింపుకోవడానికని రూలు ఉంది. క్యాంపుకీ, పక్కనున్న పాత ఊరికీ కలిపి ఒకటే చెరువు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఈ నీళ్ళు చెరువులో పడకపోతే ఎండాకాలం ఉప్పునీళ్ళే గతి. కానీ చెరువు తూముకి ఎగువన కాలువ నీళ్ళు పొలాలకి తోడే మోటార్లు గట్టు మీద వరసగా పెట్టి ఉన్నాయి. వరి గింజ పాలుపోసుకునే వేళ. ఆఖరి తడి అందకపోతే తాలు పోతుంది. ఆ మోటార్లలో మొదటిది ఆమె భర్తది.

"వాటర్‌మన్ని అడిగానండి తూము తీయమని. 'నువ్వొచ్చి కట్ట మీద నిలబడమ్మా, మోటార్లు ఆపించు, తూము నేను తీస్తా. నువ్వు లేకుండ తీస్తే నా కాళ్ళిరగ్గొడ్తరు' అన్నాడండి. తప్పేముంది? పాపం వాడు చెప్పింది నిజమే కదండి."

"మరి పోదాం పా ఇప్పుడే."

"ఇప్పుడెలాగండి? సన్మానం అవ్వగానే వెళ్తానని ఆయనకి చెప్పాను. వెళ్ళు, ఎవరొద్దన్నారు అన్నారు." పొంగిన పాలు దించుతూ అంది, "నవ్వుతూ అన్నారండి."

సభ పంచాయతీ ముందు ఖాళీ స్థలంలో. షామియానా స్తంభాలకి కాగితపు పూలు. స్టేజీ మీద ఐదారు కుర్చీలు, మధ్యలో ఎవరూ కూర్చోకూడని పెద్ద సోఫా కుర్చీ, దాని మీద తెల్ల టర్కీ తువ్వాలు. అది సాహేబ్రుకి. స్టేజీ కాలువవైపు తిరిగి ఉంది. కింద జనం స్టేజీవైపు తిరిగి ఉన్నారు, అంటే వాళ్ళ వీపులు కాలువకి. కట్ట ఎత్తుగా ఉండడంతో కింద కూర్చున్నవాళ్ళకి నీళ్ళు కనపడవు. స్టేజీ మీదినుంచి మాత్రం అవతలి గట్టు సిమెంటు వాలు కనపడుతోంది. నీరు ఎంతవరకు ఉందో ఆ వాలు మీద తడిగుర్తు చెబుతుంది. అక్కడ కూర్చున్నవాళ్ళలో అటు చూసేవాళ్ళం మేమిద్దరమే. ఆడవాళ్ళమని మమ్మల్ని స్టేజీ చివరన కూర్చోబెట్టారు. మధ్యలో కూర్చున్నవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు.

నాకు శాలువా తెచ్చినప్పుడు లేచి వారిద్దామనుకున్నాను. కానీ వెనకనుంచి కప్పారు. కప్పుతూనే మైకులో అధ్యక్షురాలి పేరు కూడా పిలిచి, ఇద్దరికీ ఒకేసారి దండలు, ఒకేసారి పేటాలు. ఆమె ముందు నేను తీసి పారేస్తే ఆమె సన్మానాన్ని పారేసినట్టవుతుంది. ఆ లెక్క వేసినవాడు తెలివైనవాడే. పళ్ళ బుట్టలు కూడా వచ్చాయి. రంగు కాగితం చుట్టి, పైన అనాసపండు. ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు కదలవు.

"సాహేబ్రు జాలహళ్ళి దగ్గరున్నారు. బయల్దేరిపోయారు" అని యాంకరు ప్రకటించాడు. ఆ ఊరి స్కూలు మాస్టారే యాంకరు. గొంతు మంచిది.

ఆమె భర్త స్టేజీ మెట్ల మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ మెట్లు తప్ప దిగడానికి వేరే దారి లేదు. అటుపక్క స్పీకర్లు పేర్చారు. ఆమె లేవబోయింది. ఆయన చెయ్యి ఊపి, కూర్చోమన్నట్టు నవ్వాడు. పెదాల మీద చదవగలిగాను. "పెద్దాయన వచ్చేస్తున్నాడే. అధ్యక్షురాలు లేకపోతే ఊరి పరువేం కాను?"

అవతలి గట్టు మీద తడిగుర్తు కింద ఒక చెయ్యంత మేర సిమెంటు బయటపడింది. ఎండలో తళతళలాడుతోంది.

"ఈలోపు మేడమ్ గారు మహానాయకుల పాఠాలు చెబుతారు" అన్నాడు మాస్టారు, మైకు నా నోటి దగ్గర పెట్టి. నా చేతుల్లో బుట్ట. మైకు పట్టుకోవడానికి కూడా చెయ్యి లేదు.

మాట్లాడాను. ఎడారి దాటుతున్న కుర్రరాజు కథ చెప్పాను. సైన్యం దాహంతో కూలిపోతోంది. ఎవరో కష్టపడి కాసిని నీళ్ళు వెతికి, ఇనుప టోపీలో పోసి రాజుకి తెచ్చిచ్చారు. రాజు అందరూ చూస్తుండగా ఆ నీళ్ళు ఇసుకలో పారబోశాడు. నా సైనికులకి లేని నీళ్ళు నాకొద్దన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎక్కడ చెప్పినా కొడతారు.

ముందు వరసలో పాత ఊరి ముసలామె ఒకతి చప్పట్లు కొట్టలేదు. కాళ్ళు కుర్చీ మీదకి మడిచి కూర్చుంది.

"పారబోసుడేందమ్మా?" అని అరిచింది. "పక్కన పిల్లగాడెవడన్న ఉంటే వానికి తాపియ్యరాదా? నీళ్ళు పారబోస్తె రాజయితడా?"

జనం గొల్లున నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే చెప్పాను. "అవ్వా, నువ్వడిగింది ఒకటి. నేనింకొకటి అడుగుత. ఆ సైన్యాన్ని ఆ ఎడారిలకి తోలుకపోయింది ఎవరు?"

"ఆ రాజే గద!"

"ఆ రాజే. తోలుకపోయినందుకు ఎవరు చప్పట్లు కొట్టలె. పారబోసినందుకు కొట్టిండ్రు."

స్టేజీ మధ్య కుర్చీల్లో ఎవరో దగ్గారు. మాస్టారు మైకు లాక్కుని, "సాహేబ్రు బాళగనూరు చేరుకున్నారు. అక్కడి అభిమానులు సన్మానానికి ఆపారు" అన్నాడు.

బాళగనూరులో సాహేబ్రు మెడ వంచి, చేతుల్లో పళ్ళ బుట్టతో నిలబడి ఉన్న దృశ్యం నా కళ్ళ ముందు కదిలింది. ఆయన కూడా బందీయే. ఒకరి శాలువా ఇంకొకరిని ఆపుతుంది, ఆ ఒకర్ని ఇంకెక్కడో వేరే శాలువా ఆపుతుంది. ఈ జిల్లా మొత్తం ఇలా ఒకరికోసం ఒకరు కుర్చీల్లో ఎండిపోతూ ఉంటుంది. కాలువ మాత్రం ఎవరికోసమూ ఆగదు. దాన్ని సన్మానించడం ఇంకా ఎవరికీ తోచలేదు.

మళ్ళీ నన్నే మాట్లాడమన్నారు. దేశమంతా వారానికి ఒక పూట అన్నం మానుకోవాలని అడిగేముందు, తన ఇంట్లో పిల్లలు ఆగగలరో లేదో ముందు చూసుకున్న ప్రధాని గురించి చెప్పాను. మంచులో చిక్కుకున్న సైన్యాన్ని వదిలి, తను మాత్రం బండెక్కి రాజధానికి వెళ్ళిపోయిన చక్రవర్తి గురించి చెప్పాను. ఆయన పేరుతో నడిచే సూత్రాల పుస్తకాల్లో ఆ బండి ఉండదని చెప్పాను. చెబుతున్నంతసేపూ నా కళ్ళు జనం తలల మీదుగా సిమెంటు వాలు మీదే ఉన్నాయి. పక్కన ఆమె ఊపిరి వినిపిస్తోంది. పేటా అంచు కింద చెమట ధార కట్టి పౌడరు చారలు పడింది.

షామియానా చివర వాటర్‌మన్ వచ్చి నిలబడ్డాడు. ఖాకీ చొక్కా, చేతిలో తూము తిప్పే ఇనుప చక్రం. ఆమెను చూశాడు. ఆమె అతన్ని చూసింది. తర్వాత అతను మెట్ల మీద కూర్చున్న ఆమె భర్తను చూసి, తల దించుకుని కట్టవైపు తిరిగి నడిచాడు.

"మేడమ్" అంది ఆమె నెమ్మదిగా, పెదాలు కదలకుండా. "ఆ పడవలు కాల్చినోడి సైన్యంలో ఉన్నట్టుందండి నాకు."

ఆ మాటతో నాకు మా ఊరి కోట గోడలోని పొడవాటి రాయి గుర్తొచ్చింది. దాన్నే అందుకున్నాను.

"మా రాయచూరు కోట గోడల ఒక రాయుంది" అన్నాను మైకులో. "ఇంత పొడుగు రాయి మీరెక్కడా చూసుండరు. దాని మీద కోట కట్టించినాయన సంగతి తెలుగుల చెక్కిండ్రు. అందరు దాన్నే చదువుతరు. కానీ పక్కన ఇంకోటి కూడ చెక్కిండ్రు. ఆ రాయిని ఎట్ల మోసుకొచ్చిండ్రో ఆ బొమ్మ. బండి, దాన్ని లాగే దున్నపోతుల వరస, చక్రం కింద మొద్దు పెట్టి వంగిన మనుషులు. చెక్కినోడు ఎవడోగాని నిజం తెలిసినోడు. నాయకుని పేరు ఒక పక్క, లాగినోళ్ళ వీపులు ఒక పక్క. ఇప్పుడు మీ వీపులెటున్నయో చూసుకోండ్రి."

జనం అయోమయంగా చూశారు.

"మీ వీపుల వెనక కాలువుంది. పొద్దుమూకితె కట్టేస్తరు. నేను ఈడ కూసోని చూస్తనే ఉన్న, నీళ్ళు దిగిపోతున్నయి. మీ చెరువు తూము ఇంకా తెరవనే లేదు. నమ్మకుంటె కట్టెక్కి చూడుండ్రి. మీ అధ్యక్షురాలు..."

మైకు ఆగిపోయింది. స్పీకర్లలో పాట మొదలైంది. ఎవరు తిప్పారో నేను చూడలేదు.

పాట పెద్దగా మోగుతుంటే ముసలామె కాళ్ళు కిందికి దించింది. చెప్పులు వెతుక్కుంది. కుర్చీల మధ్యలోంచి, వాలంటీరు చెయ్యి తోసేసి, కట్టవైపు నడిచింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ కట్ట ఎక్కింది. పైన నిలబడి అటు చూసింది. ఇటు తిరిగి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది.

పాట వల్ల ఆమె అరిచింది వినపడలేదు. ఆ చేతులు చాలు. పాత ఊరి ఆడవాళ్ళు ముందు లేచారు. తర్వాత క్యాంపు ఆడవాళ్ళు. కుర్చీలు ఒరిగిపోయాయి.

అప్పుడు నా పక్కనున్న అధ్యక్షురాలు లేచింది. బుట్టతో పాటు లేచింది. నడిచి మెట్ల దాకా వెళ్ళింది. భర్త ఎప్పటిలా నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ఆ చేతిలో బుట్ట పెట్టింది. జారబోతే ఆయన రెండో చేత్తో కూడా పట్టుకున్నాడు. తన మెడలో దండ తీసి ఆయన మెడలో వేసింది. పేటా తీసి ఆయన తల మీద పెట్టింది. అది ఆయన కళ్ళ మీదకి జారింది. శాలువా భుజాల మీద కప్పింది.

"ఏవండీ, కాసేపు ఇవి పట్టుకోండి. మీ పెద్దాయన వస్తే ఇవ్వండి" అంది.

ఆయన వెనక్కి వంగాడు, బుట్టలోని అనాసపండు పడిపోకుండా. ఆ సందులోంచి ఆమె దిగిపోయింది. నేను కూడా దిగాను. నా బుట్ట మాస్టారి చేతుల్లో పెట్టి దిగాను. ఆయన ఆపలేదు. "జాగ్రత్తండి, ఆఖరి మెట్టు ఊగుద్ది" అన్నాడంతే.

కథ ఇక్కడ ఆపితే మీరు చప్పట్లు కొడతారు. కొట్టకండి. ఇసుకలో పారబోసిన నీళ్ళకి కొట్టిన చప్పట్లు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఆమె కట్ట మీద నిలబడింది. పట్టుచీర కుచ్చిళ్ళు బురదలో. మోటార్లు ఒక్కొక్కటే ఆపించింది, మొదట తన ఇంటిదే. వాటర్‌మన్ చక్రం తిప్పాడు. తూము తలుపు లేచింది. కానీ కాలువలో నీటిమట్టం అప్పటికే తూము గడప దాకా దిగిపోయింది. చెరువులోకి ఒక సన్నని ధార పడింది. ఆడవాళ్ళందరూ గట్టు మీద కూర్చుని ఆ ధారనే చూశారు. పొద్దు వాలేసరికి ధార తాడంత అయింది, తర్వాత దారమంత, తర్వాత ఆగిపోయింది. చెరువు సగం కూడా నిండలేదు.

సాహేబ్రు చీకటి పడ్డాక వచ్చాడట. నేనప్పటికి బస్సెక్కేశాను. మాస్టారు తర్వాత ఫోన్లో చెప్పాడు, నవ్వాలో ఏడవాలో తెలియని గొంతుతో. స్టేజీ మీద ఆమె భర్త ఒక్కడే దండా పేటాతో నిలబడి ఉంటే, సాహేబ్రు వెంటనే తన మీదున్న ఇంకో శాలువా తీసి ఆయనకే కప్పి, మహిళల నాయకత్వం గురించి మాట్లాడి వెళ్ళాడట.

ఎండాకాలం సగంలోనే చెరువు అడుగు తేలింది. ఊరంతా బోరు ఉప్పునీళ్ళు మోశారు. తిట్లు ఎవరికి పడ్డాయో చెప్పక్కర్లేదు. ఆమె ముందే దిగాల్సిందట. అదే మాట స్టేజీ మెట్లకి కుర్చీ అడ్డం వేసినవాడూ అన్నాడట, మధ్య కుర్చీల్లో ఫోన్లు చూసుకున్నవాళ్ళూ అన్నారట. పడవలు కాల్చినవాడిని ఎవరూ అడగరు. ఈత రానివాడినే అడుగుతారు.

ఈ మాటలు ఆమె నాకు చెప్పింది తన ఫోన్లోంచి కాదు. ఆ ముసలామె కోడలి ఫోన్లోంచి. ఆమె ఫోన్ ఇప్పుడు భర్త జేబులో ఉంటుంది. "పంచాయతీ పనులన్నీ ఆవిడకెందుకండి కష్టం" అంటాడు. అధ్యక్షురాలి నంబరుకి చేస్తే ఆయనే ఎత్తుతాడు. నవ్వుతూ ఎత్తుతాడు. "ఆవిడ వంటలో ఉందండి, నాకు చెప్పండి" అంటాడు. నేను ఎన్నిసార్లు చేసినా ఆమె వంటలోనే ఉంది.

"నన్ను ఇంక ఏ స్టేజీ ఎక్కించలేరండి" అంది ఆమె ఆ కోడలి ఫోన్లో. "కానీ మేడమ్, కాలవ కట్టేసే రోజు ఎప్పుడో నాకెవరు చెప్తారండి? ఆ కబురు ఫోన్‌కే వస్తుంది కదండి."

సేనానుల జీవితాలన్నీ తిరగేశాను. కోట లోపల చిక్కుకున్నవాళ్ళు బయటికి వచ్చిన కథలన్నిటిలోనూ బయటినుంచి ఎవరో ఒకరు తలుపు తట్టారు. అంతే నాకు దొరికింది. మీరు ఇది చదివేసరికి మళ్ళీ కాలువ కట్టే రోజులు దగ్గరపడుతుంటాయి. మీ ఊళ్ళోనూ ఒక అధ్యక్షురాలు ఉంటుంది, కుర్చీ ఆమెది, ఫోన్ ఇంకొకరిది.

పుస్తకం మూసెయ్యండి. మీ పంచాయతీ అధ్యక్షురాలి నంబరు పంచాయతీ గోడ మీద రాసి ఉంటుంది, దానికి ఇప్పుడే చెయ్యండి. మగగొంతు ఎత్తితే, ఆమెకి ఇవ్వండి అనండి. వంటలో ఉంది అంటే, పొయ్యి దగ్గరికే తీసుకెళ్ళి ఇవ్వండి అనండి. ఆమె గొంతు వినపడేదాకా ఫోన్ పెట్టెయ్యకండి.